ఏడో నంబరు బస్సు మైలేజీ

జూన్ 23, సోమవారం

నన్ను ఒక్క మాట కూడా అడగలేదు. ప్రిన్సిపాల్ నరసింహం గారు స్టాఫ్ మీటింగ్‌లో లేచి, అక్టోబరులో తనిఖీ బృందం వస్తుందనీ, పర్యావరణానికి విడిగా మార్కులుంటాయనీ, స్టాఫ్ చేత ఆ అలవాట్లు చేయించే పని ఫిజిక్స్ సుచరిత మేడం చూస్తారనీ చెప్పి కూర్చున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. పని తమ మీద పడనందుకే కొట్టారని నాకు తెలుసు.

పద్నాలుగేళ్ల సర్వీసులో మొదటిసారి నాకొక బాధ్యత ఇచ్చారు. నిజంగా నమ్మి ఇచ్చారా, చేయలేదని తర్వాత అనడానికి ఇచ్చారా?

జూలై 1

లైట్లు, ఫ్యాన్లు ఆపమని ప్రతి గదిలో కాగితం అంటించాను. ప్లాస్టిక్ కప్పులు మాన్పించి అందరికీ స్టీలు గ్లాసులు తెప్పించాను. ఏసీ ఇరవై ఆరు కంటే కిందికి దించకూడదని చెప్పాను.

మధ్యాహ్నం బోటనీ వాళ్ల చెత్తబుట్టలో పద్నాలుగు ప్లాస్టిక్ కప్పులు కనిపించాయి. అడిగితే ఎవరో బయటివాళ్లు వేసి ఉంటారన్నారు. రెండో అంతస్తు దాకా కప్పులు మోసుకొచ్చి వేసే బయటివాళ్లెవరో.

జూలై 3

ఈరోజు కప్పులు కామర్స్ వాళ్ల బుట్టలో. నాకు ఎవరినీ అనుమానించే అలవాటు లేదు. కానీ రేపటి నుంచి అరగంట ముందే వెళ్లి బుట్టలు చూస్తాను.

జూలై 5, శనివారం

కప్పుల గొడవ ఎంత చిన్నదో ఈరోజు తెలిసింది. ట్రాన్స్‌పోర్టు క్లర్కు సాయినాథ్ రిజిస్టరు తెచ్చి చూపించాడు. తొమ్మిది బస్సులు. కంభం, కొమరోలు, రాచర్ల, తర్లుపాడు, ఇంకా నల్లమల ఘాట్ దాటి గాజులపల్లె వెళ్లే ఏడో నంబరు. కాలేజీ మొత్తం వదిలే పొగలో సగానికి పైగా ఈ తొమ్మిదింటిదే. ఇక్కడ లీటరుకు అర కిలోమీటరు పెంచినా చాలు, తనిఖీ బృందం నోరు మూయించవచ్చు.

సాయంత్రం డ్రైవర్లను కూర్చోబెట్టి మాట్లాడాను. సగం మంది గోడకు ఆనుకొని ఫోన్లు చూసుకున్నారు. ఏడో నంబరు డ్రైవరు మాల్యాద్రి ఒక్కడే ముందు వరసలో కూర్చున్నాడు. యాభై ఏళ్లుంటాయి. దిగువమెట్టలో గొర్రెలు కాసే కుటుంబం, ఇంట్లో మొదటి డ్రైవరు అతనే. నేను చెప్పేదంతా బట్టీ పడుతున్నట్టు నోరు కదుపుతూ విన్నాడు.

వినని వాళ్ల కోసం ఇంటికొచ్చి డ్రైవర్ల వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాను. టైర్లలో గాలి చూసుకోవడం, ఆగినప్పుడు ఇంజిన్ ఆపడం, క్లచ్ మీద కాలు పెట్టకపోవడం, దిగుడులో భూమ్యాకర్షణను వాడుకోవడం. నాలుగు నిమిషాలు. క్లాసులో కూడా ఇంత బాగా చెప్పి ఉండను.

జూలై 19

గేటు దగ్గర బోర్డు పెట్టించాను. ప్రతి శనివారం బస్సుల మైలేజీ రాస్తారు. నెలకు ఎవరిది ఎక్కువ పెరిగితే వాళ్ల ఫోటో పెద్దది చేసి పెడతాం.

ఇప్పుడు గోడకు ఆనుకున్న వాళ్లు కూడా బోర్డు ముందు ఆగి చూస్తున్నారు.

ఆగస్టు 2, శనివారం

ఏడో నంబరు: నాలుగు పాయింట్ ఆరు నుంచి ఐదు పాయింట్ తొమ్మిది.

నాలుగు వారాల్లో. ఘాట్ రోడ్డులో. మిగతా ఎనిమిది బస్సుల్లో ఎక్కువ పెరిగింది సున్నా పాయింట్ మూడు.

మాల్యాద్రి ఫోటో గేటుకు ఎక్కింది. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ప్రిన్సిపాల్ గారు అతని భుజం తట్టి, ఎలా చేశాడో మిగతా వాళ్లకు నేర్పించమని నాతో అన్నారు. నేను అదే మాట మాల్యాద్రికి చెప్పాను. సరే మేడం అన్నాడు. ఎలా చేశావని నేను అడగలేదు. అడిగితే నిజం చెప్తాడా?

ఆగస్టు 6

కొమరోలు బస్సు నడిపే ఆనంద్ బాబు ల్యాబ్ దాకా వచ్చాడు. తలుపు దగ్గరకు వేసి, ఆ లెక్క నమ్మొద్దన్నాడు. పిల్లల్ని దిగువమెట్టలోనే దించేస్తున్నాడేమో, ఘాట్ ఎక్కకుండానే ఎక్కినట్టు రాస్తున్నాడేమో చూసుకోమన్నాడు. అసూయ కావచ్చు. కానీ అసూయపడేవాడు చెప్పింది అబద్ధమే కావాలని లేదు కదా.

సాయినాథ్ మీద కూడా చూపు పెట్టాలి. రిజిస్టరు అతని చేతిలోనే ఉంటుంది. మాల్యాద్రి, అతను మధ్యాహ్నం ఒకే చోట అన్నం తింటారు.

ఆగస్టు 8

డీజిల్ ట్యాంకు మూతకు సీలు వేయించాను. రోజూ పొద్దున, సాయంత్రం మీటరు ఫోటో తీసి నాకే పంపమన్నాను. మాల్యాద్రి ఏమీ అడగలేదు. సీలు వేస్తుంటే టార్చి పట్టుకున్నాడు. తప్పు చేసేవాడు ఇంత నెమ్మదిగా ఉంటాడా, లేక అలవాటు పడ్డవాడే ఇలా ఉంటాడా?

ఆగస్టు 11, సోమవారం

సీలు చెక్కుచెదరలేదు. మీటరు సరిగ్గానే తిరుగుతోంది. ఐదు పాయింట్ తొమ్మిది.

అయితే ఇంకేదో ఉంది.

ఆగస్టు 18

ఏడో నంబరులో వచ్చే గోపిక అనే సెకండియర్ అమ్మాయిని ల్యాబ్ రికార్డు నెపంతో పిలిచి, బస్సు ఎలా ఉంటోందని అడిగాను. గాజులపల్లె దాకా రోజూ వెళ్తోందట. దారిలో ఎక్కడా ఆగదట. "ఘాట్ దిగేటప్పుడు భలే ఉంటది మేడం, సద్దే ఉండదు, పిట్టల అరుపులు గూడా వినపడతాయి" అంది.

అంకుల్ చాలా మంచివాడని రెండుసార్లు అంది. రెండోసారి ఎందుకు అన్నట్టు? ఎవరో చెప్పి పంపినట్టుంది.

గురువారం నేనే ఎక్కుతాను. ఎవరికీ చెప్పను.

ఆగస్టు 21, గురువారం

నాలుగున్నరకు ఏడో నంబరు ఎక్కి ముందు సీట్లో కూర్చున్నాను. మాల్యాద్రి మొహం వెలిగిపోయింది. నేను పట్టుకోవడానికి వచ్చానని కాదు, చూడటానికి వచ్చాననుకున్నాడు.

దిగువమెట్ట దాటింది. ఎక్కుడు మొదలైంది. ఎక్కడా దొంగతనం లేదు, దొంగదారి లేదు. పైన చిన్న గుడి దాటి దిగుడు మొదలయ్యే చోట అద్దంలో నన్ను చూసి నవ్వి, ఇంజిన్ ఆపేశాడు.

గోపిక చెప్పింది నిజమే. పిట్టల అరుపులు వినిపించాయి. ముప్పై ఎనిమిది మంది పిల్లలతో బస్సు తనంతట తాను జారుతోంది. రెండు చేతులతో బిగబట్టి స్టీరింగును లాగుతున్నాడు. మెడ మీద నరాలు లేచాయి. మొదటి మలుపు, రెండో మలుపు. ఆపమని చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. భయంతో అని రాయవచ్చు గానీ, ఆ మొదటి నిమిషం నాకు సంతోషంగా కూడా ఉంది. ఇదేనా రహస్యం, దొరికింది అనుకున్నాను.

మూడో మలుపు దగ్గర డ్రైవరు ముందు బజరు మోగింది. మలుపు తిరగ్గానే టైరు పేలిన లారీ సగం రోడ్డు మీద నిలబడి ఉంది. అటు నుంచి ఇంకో బస్సు వస్తోంది. మాల్యాద్రి బ్రేకు తొక్కాడు. మళ్లీ తొక్కాడు. మూడోసారి తొక్కితే ఉస్సుమని గాలి పోయిన చప్పుడు, బస్సు ఆగలేదు. గేరులోకి నెట్టాడు. బస్సంతా ఎగిరిపడింది. లారీ వెనక ఇనుప కమ్మీకి బారెడు దూరంలో ఆగింది.

గోపిక పెదవి ముందు సీటు కమ్మీకి తగిలి చిట్లింది. ఇంకెవరికీ ఏమీ కాలేదు.

మాల్యాద్రి మొహం తుడుచుకుని నా వైపు తిరిగాడు.

"ఆ లారీ అడ్డం లేకుంటే ఈరోజు ఇంకా బాగొచ్చుండేది మేడం."

ఆగస్టు 22

తలనొప్పి. కాలేజీకి వెళ్లలేదు.

ఆగస్టు 23, శనివారం

కంభం రోడ్డులో బస్సులు బాగుచేసే మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఎవరి బస్సో చెప్పకుండా అడిగాను. ఇంజిన్ తిరిగితేనే బ్రేకులకు గాలి ఎక్కుతుందట. ఆపితే ఉన్న గాలి నాలుగైదు తొక్కులకు అయిపోతుందట, గాలి తగ్గితే డ్రైవరు ముందు బజరు మోగుతుందట. స్టీరింగు కూడా బండబారుతుందట. గేరులో ఉంచి యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే ఈ బస్సుల్లో ఇంజిన్ దిగుడులో డీజిల్ తాగదు, పైగా బండిని పట్టి ఉంచుతుంది కూడా అన్నాడు. ఎవడమ్మా నీకు ఆపమని చెప్పింది, వాణ్ని లోపలెయ్యాల అన్నాడు.

నేను ఆపమని చెప్పలేదు. భూమ్యాకర్షణను వాడుకోమన్నాను.

సాయంత్రం ఆ వాయిస్ మెసేజ్ విన్నాను. మూడో నిమిషంలో ఉంది. "దిగుడులో ఇంజిన్‌కి పనేముంది చెప్పండి? భూమే లాగుతుంది. ఊరికే తిప్పి పొగ వదలడమెందుకు?"

ఘాట్‌లో అనలేదు. దిగుడులో అన్నాను. ఆపమన్న మాట అందులో లేదు. ఎనిమిది సార్లు విన్నాను, లేదు.

ఆగస్టు 25, సోమవారం

గోపిక వాళ్ల నాయన వచ్చి ప్రిన్సిపాల్ గారి గదిలో గంట కూర్చుని వెళ్లాడు. ఆయన గాజులపల్లెలో రైల్వేలో పని చేస్తాడు, అరిచే మనిషి కాదు. బ్రేకులెందుకు పడలేదని మాత్రమే అడిగాడట.

తర్వాత నన్ను పిలిచారు. మాల్యాద్రిని తీసేస్తున్నామని, బస్సులో ఉన్నది నేనే కాబట్టి రిపోర్టు నన్ను రాయమని అన్నారు. నేను ఇంజిన్ సంగతి ఎత్తబోయాను. ప్రిన్సిపాల్ గారు చేయి అడ్డం పెట్టారు. "అమ్మా, అదంతా రాస్తే ఎందుకు ఆపినాడని అడుగుతారు. ఎందుకు ఆపినాడంటే ఏం చెప్తావు? డ్రైవరు అజాగ్రత్త అని రాయి, సరిపోతది."

రాశాను. వేగం అదుపు చేయలేదు, సకాలంలో బ్రేకు వేయలేదు, అజాగ్రత్త. మూడూ నిజమే. ఇంజిన్ ఆపమని అతనికి లిఖితపూర్వకంగా ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆ ప్రస్తావన అనవసరం.

ఫోటో తీసేశారు. అంటించిన జిగురు నాలుగు మూలలా మిగిలింది.

ఆగస్టు 26

ఏడో నంబరు ఆనంద్ బాబుకి ఇచ్చారు. అడిగి తీసుకున్నాడట. ఇన్నాళ్లూ దీనికోసమే నా చెవిలో ఊదాడా?

ఆగస్టు 28

మాల్యాద్రి కాలేజీకి రాలేదు, ఎవరికీ ఫోన్ చేయలేదు, యూనియన్ వాళ్లను తీసుకురాలేదు. ఇది మంచిది కాదు. తప్పు లేదనుకునేవాడు అరుస్తాడు. ఇతను ఊరుకున్నాడంటే ఏదో దగ్గర పెట్టుకున్నాడు.

ఆ వాయిస్ మెసేజ్ అతని ఫోన్‌లో ఉంది.

మా ఆయన రాధాకృష్ణమూర్తికి కంభంలో హార్డ్‌వేర్ దుకాణం. రాత్రి అన్నం దగ్గర చెప్పాను. అంతా విని, ఆ గ్రూపు మూసేసి కొత్తది పెట్టించమన్నాడు. మెసేజ్ ఎలాగూ పోదు గానీ, వెతికేవాళ్లకు కొంచెం కష్టమవుతుందన్నాడు. చేయి కడుక్కుంటూ, "వాడు చెడ్డోడా?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను.

ఆగస్టు 29

సాయినాథ్ చేత పాత గ్రూపు మూయించాను. ఎందుకని అడగలేదు. నా వైపు చూశాడు, అంతే. వాళ్లిద్దరూ ఇప్పటికీ మాట్లాడుకుంటూనే ఉంటారు.

రేపు మధ్యాహ్నం సెలవు పెట్టి దిగువమెట్ట వెళ్తాను. క్షేమం కనుక్కోవడానికి.

ఆగస్టు 30, శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నాలుగు దాటాక ఆటో దిగి అడుగుతూ వెళ్తే ఊరి చివర రేకుల ఇల్లు చూపించారు. మాల్యాద్రి తమ్ముడి గొర్రెలకు మందు తాగిస్తున్నాడు. నన్ను చూసి చేతులు కడుక్కొని వచ్చాడు. అతని భార్య సుబ్బులు కుర్చీ వేసి నీళ్లిచ్చింది.

ఆరోగ్యం ఎలా ఉందన్నాను. వేరే పని చూసుకుంటున్నావా అన్నాను. తర్వాత, పాత గ్రూపు మెసేజులు ఏమైనా ఫోన్‌లో ఉన్నాయా అని అడిగాను. ఎంత మామూలుగా అడగాలనుకున్నానో అంత మామూలుగా రాలేదు.

అతనికి కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక లోపలికి పోయి ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"తీసేయండి మేడం. నాకెందుకది? మొత్తం నోటికొచ్చు."

ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. నా వేలు కదల్లేదు. సుబ్బులు గుమ్మంలో నిలబడి చూస్తోంది.

అప్పుడు మాల్యాద్రి అడిగాడు. "ఏడో నంబరు ఆనంద్ బాబుకి ఇచ్చినారంట గదా. దిగుడులో ఇంజిన్ ఆపొద్దని వానికి చెప్పినారా?"

అందరికీ తెలిసే ఉంటుంది, నిన్ను తీసేసింది అందుకే కదా అన్నాను.

"నన్ను తీసింది అజాగ్రత్తకని కాయితం ఇచ్చినారు మేడం. బ్రేకు ఆలస్యంగా కొట్టినానని. మీరే గదా రాసింది. ఇంజిన్ ఆపినందుకని దాంట్లో యాడుంది?" అతని గొంతు పెరగలేదు. "మీరు నేర్పమన్నారని నేనే ముగ్గురికి నేర్పినా. ఆనంద్ బాబుకి, కంభం బస్సాయనకి, తర్లుపాడు బస్సాయనకి. ఆపితే బ్రేకులకు గాలుండదని పని పోయినాక మెకానిక్ చెప్తే తెలిసింది. వాళ్లు మానేసినారో లేదో నాకు తెల్వదు. మొన్న ఆనంద్ బాబుకి ఫోన్ చేసి చెప్పబోతే, నీ ఫోటో పోయిందని కుళ్లుతో చెప్తున్నావా అన్నాడు."

పొద్దున బోర్డు మీద నేనే చూశాను. ఏడో నంబరు ఆరు పాయింట్ ఒకటి. ఆనంద్ బాబు ఏ దొంగతనం చేస్తున్నాడో అనుకుంటూ దాటిపోయాను. చూసి కూడా.

టైము నాలుగూ యాభై. ఆనంద్ బాబుకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. సాయినాథ్‌కి చేస్తే బస్సు బయల్దేరి ఇరవై నిమిషాలైందన్నాడు. మిగతా ఇద్దరికీ చేసి బస్సులు ఆపించమని అతనికి చెప్పాను. మాల్యాద్రి అప్పటికే రోడ్డు వైపు నడుస్తున్నాడు. నేను పరుగెత్తాను. చెప్పు తెగితే అక్కడే వదిలేశాను.

బస్సు ఊళ్లోకి వచ్చేసరికి ఇద్దరం రోడ్డు మధ్యలో నిలబడి ఉన్నాం. ఆనంద్ బాబు హారన్ కొడుతూ దగ్గర దాకా వచ్చి ఆపాడు. మాల్యాద్రిని చూసి, ఏంది, దారి కాసి కొడతావా అని కిటికీలోంచి అన్నాడు. నేను డోరు ఎక్కి లోపలికి వెళ్లాను. పిల్లలందరూ నా వట్టి కాళ్లు చూస్తున్నారు. గోపిక ఉంది. పెదవి మీద పొక్కు ఇంకా ఆరలేదు.

ఘాట్ దిగేటప్పుడు ఇంజిన్ ఆపుతున్నావా అని అడిగాను. ఆనంద్ బాబు తల దించుకుని, మీరు చెప్పిందే గదా మేడం అన్నాడు. ఆరోజు మాల్యాద్రి కూడా ఈ మాటే అనగలిగేవాడు. అనలేదు.

"నేను తప్పు చెప్పాను" అన్నాను. "ఇంజిన్ ఆపితే బ్రేకులకు గాలి ఉండదు. ఆరోజు బస్సు ఆగకపోవడానికి కారణం అదే. మాల్యాద్రి అజాగ్రత్త కాదు. నేను చెప్పింది చేశాడు."

పిల్లల ముందే చెప్పాను. చెప్పకపోతే ఇంటికెళ్లేలోపు మళ్లీ మనసు మార్చుకుంటానని భయం వేసింది.

ఆనంద్ బాబు చేతులు స్టీరింగు మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఐదు రోజులుగా ఆపుతున్నానన్నాడు. నిన్న బజరు మోగితే వైరు ఊడదీశానన్నాడు. ఇక ఘాట్ దిగలేనన్నాడు. మాల్యాద్రి కింద నుంచే, సెకండ్ గేరు తీయకుండా నింపాదిగా పొమ్మని, పక్కన తను కూర్చుంటానని చెప్పి బస్సెక్కాడు. నేనూ ముందు సీట్లో కూర్చున్నాను. దిగుడంతా ఇంజిన్ గర్జిస్తూనే ఉంది.

సెప్టెంబరు 1, సోమవారం

మొదటి రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నానని రాసి, రెండోది ఇచ్చాను. వాయిస్ మెసేజ్‌లో నేనన్న మాటలు అక్షరం వదలకుండా రాశాను. ప్రిన్సిపాల్ గారు చదివి, తనిఖీ అయ్యేదాకా డ్రాయరులో పెడతానన్నారు. అప్పుడు నేను ఇంకో కాపీ గోపిక వాళ్ల నాయనకు పంపానని చెప్పాను. ఆయన చాలాసేపు ఫ్యాను వైపు చూశారు.

పంపలేదు. బయటికొచ్చి అప్పుడు పంపాను.

సెప్టెంబరు 6

నాకు మెమో ఇచ్చారు. ఇంక్రిమెంటు ఆపారు. పర్యావరణం పని కామర్స్ మేడం ప్రసన్నకు ఇచ్చారు. మీటింగ్‌లో చప్పట్లు కొట్టేవాళ్లు ఈసారి కొంచెం తక్కువ కొట్టారు. ఆ కప్పులు ఎవరివో ప్రసన్నకు తెలుసని నా అనుమానం. ఇక నాకెందుకు.

మాల్యాద్రిని మళ్లీ రమ్మన్నారు. తప్పు నా మీద పడింది కాబట్టి అతన్ని బయట పెట్టడానికి కారణం దొరకలేదు. అతను వెంటనే ఒప్పుకోలేదట. తన కాగితంలో అజాగ్రత్త అన్న మాట కొట్టేసి, సంతకం పెట్టి ఇస్తేనే వస్తానన్నాడట. సాయినాథ్ చెప్పాడు.

సెప్టెంబరు 9

కాగితం ఇచ్చారు. వచ్చాడు. ఎదురుపడితే నమస్తే మేడం అంటాడు. ఆగడు.

సెప్టెంబరు 13, శనివారం

మైలేజీలు: ఏడో నంబరు నాలుగు పాయింట్ ఎనిమిది. పాతదానికంటే సున్నా పాయింట్ రెండు ఎక్కువ. ఇది నమ్మదగిన లెక్క.

మధ్యాహ్నం షెడ్డు దగ్గర మాల్యాద్రి కనిపిస్తే, నాకిప్పుడు ఆ పని లేకపోయినా ఆగి, వెనక టైర్లలో గాలి కొంచెం తక్కువగా ఉన్నట్టుంది, వారానికోసారి చూపిస్తే డీజిల్ కూడా కలిసొస్తుందని చెప్పాను. ముందు వరసలో కూర్చున్న రోజులాగే విన్నాడు. కానీ నోరు కదపలేదు. సరే మేడం అన్నాడు.

నేను కంభం ఆటో ఎక్కి వస్తుంటే ఏడో నంబరు ఆ మెకానిక్ షెడ్డు ముందు ఆగి ఉంది. ఆటోవాడు ఇంకొకరి కోసం అక్కడే ఆపాడు. మాల్యాద్రి వెనక టైరు చూపిస్తూ మెకానిక్‌ని అడుగుతున్నాడు. "ఫిజిక్స్ మేడం గాలి కొట్టించమనింది. నిజమేనా? కొడితే ఏం కాదు గదా?"

మెకానిక్ వంగి చూసి, నిజమే, కొట్టించు అన్నాడు. అప్పుడు కొట్టించాడు.